కాలంలో ప్రయాణించే పిల్లలూ, బడి మీద కుట్రా

(పిల్లల కథలు రాసే ఉపాధ్యాయులు, విద్యార్థుల కోసం జరిగిన కార్యశాలలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు నన్ను. గోంగూర పప్పూ, పెరుగన్నం తిన్నవాళ్ల ముందు కాలప్రయాణం గురించి మాట్లాడటం కొంచెం రిస్కే. వెనక వరసల్లో కొందరు ఏ యంత్రమూ లేకుండానే కళ్లు మూసుకుని సరాసరి నాలుగింటికి వెళ్లిపోతారు. (నవ్వులు) వెళ్లండి, ఫర్వాలేదు. అక్కడ టీ ఇస్తారు.

రేపు మీరందరూ కథ రాయాల్సిన ఇతివృత్తం మీకు తెలుసు. ఒక బడి ఉంది. దాన్ని లేకుండా చెయ్యాలని ఎవరో పన్నాగం పన్నుతున్నారు. కాలంలో ముందుకీ వెనక్కీ వెళ్లగలిగే పిల్లలు జట్టుకట్టి దాన్ని ఆపాలి. పొద్దున మీరు రాసిచ్చిన ఆలోచనలన్నీ చదివాను. ఉత్సాహం బాగుంది. అయితే ఒక పేజీ ఆలోచనలో ముప్పావు పేజీ యంత్రమే ఉంది. లైట్లు వెలగడం, చక్రాలు తిరగడం, నీలం రంగు పొగ. మిగతా పావు పేజీలో జుట్టు పైకి లేచిన ఒక పిచ్చి శాస్త్రవేత్త బడికి బాంబు పెడతాడు. ఎందుకయ్యా పెడతాడు అంటే, ఆయనకి బడి అంటే ఇష్టం లేదు. అంతే. ఇష్టం లేనివాళ్లందరూ బాంబులు పెడితే మన తొమ్మిదో తరగతిలో ఒక్క బడి మిగిలేది కాదు.

అందుకని యంత్రం సంగతి ముందు తేల్చేసి, ఆ తర్వాత నిదానంగా కుట్ర దగ్గరికి వెళ్దాం. అసలు సరుకు అక్కడుంది.

టైమ్ మెషిన్ అనగానే మనకి 1991 లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది, పేరు నేను చెప్పక్కర్లేదు. కానీ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మన భాగవతంలో, తొమ్మిదో స్కంధంలో, ఒక కాలప్రయాణం ఉంది. కుశస్థలిని ఏలే కకుద్మికి రేవతి అని కూతురు. ఆ అమ్మాయికి తగిన వరుడు ఎవరో అడుగుదామని కూతుర్ని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ గంధర్వుల పాట కచేరీ జరుగుతోంది. మధ్యలో అడగటం మర్యాద కాదని కాసేపు ఆగాడు. కచేరీ అయ్యాక తను అనుకున్న సంబంధాలు చెప్పాడు. బ్రహ్మ నవ్వి, నాయనా, నువ్వు అనుకున్నవాళ్లు లేరు, వాళ్ల కొడుకులూ మనవలూ లేరు, వాళ్ల గోత్రాల పేర్లు కూడా ఇప్పుడు వినపడటం లేదు, ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి అన్నాడు. కింద ఇప్పుడు బలరాముడున్నాడు, అతనికిచ్చి చెయ్యమన్నాడు.

కథకుడు ఇందులో దేనిమీద సమయం పెట్టాడో చూడండి. రాజు ఏ వాహనమెక్కి వెళ్లాడో పట్టించుకోలేదు. ఎంత వేగంతో వెళ్లాడో చెప్పలేదు. పేరు చెబితే గుర్తుపట్టేవాడు ఒక్కడూ మిగల్లేదన్న మాట దగ్గర ఆగాడు. కాలంలోకి వెళ్లినవాడికి అసలు ఇబ్బంది అదే, తెలిసిన మొహం కనపడదు. మీ కథలో పిల్లలు జట్టుకట్టాల్సిన అవసరం అక్కణ్ణుంచే పుడుతుంది. నేను దానికే వస్తున్నాను.

సైన్స్ టీచర్లు ఊరుకోరు కాబట్టి రెండు ముక్కలు. ముందుకు వెళ్లడం నిజంగా జరిగేదే, కాకపోతే చాలా కొద్దిగా. 1971 లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సీజియం గడియారాలకి, అంటే చాలా కచ్చితంగా నడిచే అణు గడియారాలకి, మామూలు ప్రయాణికుల విమానాల్లో సీట్లు కొని, వాటిని ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పుగా తిరిగి వచ్చిన గడియారాలు కిందున్న వాటికంటే దాదాపు 59 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) వెనకబడ్డాయి, పడమరగా తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకు జరిగాయి. అంటే కాలం అన్నిచోట్లా ఒకే వేగంతో నడవలేదన్నమాట. మీరు ఆటో బుక్ చేసినప్పుడు ఫోన్‌లో కదిలే చుక్క కూడా దీని మీదే ఆధారపడింది. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడతాయి. ఆ తేడా సరిచెయ్యకపోతే ఒక్క రోజులో లెక్క పది కిలోమీటర్లు తప్పుతుంది. ఆటో వేరే ఊరికి వెళ్తుంది.

వెనక్కి వెళ్లడమెలాగో మాత్రం ఎవరికీ తెలియదు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2009 జూన్ 28 న కేంబ్రిడ్జిలో ఒక పార్టీ పెట్టాడు. బెలూన్లు కట్టించాడు, తినడానికీ తాగడానికీ అన్నీ సర్దించాడు, కూర్చుని ఎదురుచూశాడు. పార్టీ అయిపోయిన తర్వాత ఆహ్వానాలు బయటపెట్టాడు. భవిష్యత్తు నుంచి వచ్చేవాళ్లకి మాత్రమే ఆ పిలుపు. ఒక్కరూ రాలేదు. (నవ్వులు) పిల్లలకి ఈ ముచ్చట చెప్పి చూడండి, సాయంత్రానికి వాళ్లూ ఒక పార్టీ పెడతారు.

కాబట్టి వెనక్కి వెళ్లడానికి నియమం మీరే పెట్టుకోవాలి. రెండు దారులున్నాయి. వెనక్కి వెళ్లి జరిగినదాన్ని మార్చవచ్చు అనుకోవడం ఒకటి. జరిగింది జరిగినట్టే ఉంటుంది, మనం వెళ్లిరావడం కూడా ఆ జరిగినదాంట్లో భాగమే అనుకోవడం రెండోది. నా ఓటు రెండోదానికి. మార్చవచ్చు అన్నామంటే కథలో టెన్షన్ చచ్చిపోతుంది. ఈసారి కుదరకపోతే మళ్లీ వెళ్తారు, అదీ కుదరకపోతే ఇంకోసారి. ఇంకో కారణం కూడా ఉంది. నిజంగా బడి పోగొట్టుకున్న పిల్లలు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లకి జరిగినదాన్ని ఒక మీట నొక్కి చెరిపేస్తే నాకెందుకో మనసొప్పదు.

మార్చలేకపోతే వెళ్లి ఏం లాభం అని మీకు అనిపిస్తుంది. చివర్లో చెబుతాను.

ఇప్పుడు కుట్ర. బడి మీద కుట్ర నిజంగా ఎలా జరుగుతుందో చరిత్రలోంచి చూద్దాం.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, కాంటర్‌బరీ అనే చిన్న ఊరు. ప్రూడెన్స్ క్రాండల్ అనే టీచరమ్మ 1831 లో అక్కడ ఆడపిల్లల బడి పెట్టింది. ఊరి పెద్దలే రమ్మని పిలిచి పెట్టించారు. మరుసటి ఏడు సారా హారిస్ అనే నల్లజాతి అమ్మాయి నేనూ చదువుకుంటానమ్మా, నాకు టీచర్ అవ్వాలనుందని అడిగితే చేర్చుకుంది. తెల్లవాళ్లు తమ పిల్లల్ని మానిపించేశారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు సరికదా, 1833 ఏప్రిల్‌లో నల్లజాతి అమ్మాయిల కోసమే బడి మళ్లీ తెరిచింది. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా నుంచి పిల్లలొచ్చారు.

అప్పుడు ఊరేం చేసిందో వినండి. కొట్లవాళ్లు సరుకులు అమ్మడం మానేశారు. బడి బావిలో పేడ వేశారు. వైద్యులు రామన్నారు. ఇవన్నీ ఊళ్లో వెలివేసేటప్పుడు మనవాళ్లు చేసే పనులే, కొత్తేమీ లేదు. అసలు దెబ్బ కొట్టింది ఆండ్రూ జడ్సన్, లాయరు, రాజకీయ నాయకుడు, బడికి పొరుగువాడు. అతనూ అతని వాళ్లూ పట్టుబట్టగా 1833 మేలో రాష్ట్రం ఒక చట్టమే తెచ్చింది. ఊరి అనుమతి లేకుండా వేరే రాష్ట్రాల నల్లజాతి పిల్లలకి చదువు చెప్పకూడదని దాని సారాంశం. ఆ చట్టం కింద టీచరమ్మని అరెస్టు చేశారు, ఒక రాత్రి జైల్లో ఉంచారు. 1834 జూలైలో పై కోర్టులో కేసు సాంకేతిక కారణంతో కొట్టుడుపోయింది. కోర్టులో కుదరని పనిని సెప్టెంబరు 9 రాత్రి మనుషులు కర్రలు పట్టుకొచ్చి పూర్తి చేశారు. కిటికీలన్నీ పగలగొట్టారు. లోపల పిల్లలున్నారు. మర్నాడు ఆవిడ బడి మూసేసింది.

మీ విలన్ జుట్టు ఎందుకు పైకి లేవకూడదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. జడ్సన్ చక్కగా తల దువ్వుకుని, మంచి బట్టలేసుకుని, మీటింగులో లేచి నిలబడి, ఊరి మంచి కోసం చెబుతున్నాను అంటాడు. పిల్లల కథలో అలాంటివాణ్ణి పెడితే చదివే పిల్లాడికి ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే అలాంటివాళ్లని వాడు చూశాడు.

పుణేలో సావిత్రీబాయి ఫూలే సంగతి మీకు తెలుసు. 1848 లో ఆడపిల్లల బడికి నడిచి వెళ్తుంటే పేడా, బురదా, రాళ్లూ విసిరేవాళ్లు. సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేదంటారు. దాన్ని నేను పొడిగించను. కానీ ఆ బడుల్లో చదివిన ముక్తా సాల్వే అనే అమ్మాయి మీద ఎవరైనా కథ రాయండి. పద్నాలుగేళ్లు నిండీ నిండని వయసులో, 1855 లో, అంటరానివాళ్లని దూరం పెట్టిన మాంగు, మహారు కులాల కష్టాల గురించి ఒక వ్యాసం రాసి పత్రికలో అచ్చువేయించింది. మా మతం ఏదో చెప్పు దేవుడా అని అడిగింది అందులో. మీ జట్టులోకి గతం నుంచి ఒకరు కావాలంటే అలాంటి పిల్లని తీసుకోండి. ఇప్పటి పిల్లలు వెళ్లి కాపాడాల్సిన అమాయకురాలు కాదు ఆ అమ్మాయి. వీళ్లకే నాలుగు మాటలు నేర్పిస్తుంది.

ఇంకో బడి. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. పిల్లలే కుట్ర చేసి బడి కోసం పోరాడిన కథ ఇది.

అమెరికాలోనే వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఫార్మ్‌విల్ ఊరు. నల్లజాతి పిల్లల కోసం మోటన్ హైస్కూల్. 180 మందికి కట్టిన భవనంలో 450 మంది చదువుతున్నారు. చోటు చాలక ఆవరణలో తారు పూసిన అట్టలతో షెడ్లు వేశారు. వాన కురిస్తే లోపల కారేది. చలికాలం పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లు ఉడికిపోయేవాళ్లు, దూరంగా ఉన్నవాళ్లు కోటు విప్పేవాళ్లు కాదు. కొన్ని క్లాసులు పాత బస్సులో జరిగేవి. తెల్ల పిల్లల హైస్కూలు మాత్రం చక్కటి ఇటుక భవనం.

ఆ బడిలో చదివే బార్బరా జాన్స్‌కి అప్పుడు పదహారేళ్లు. కొద్దిమంది నమ్మకమైన స్నేహితుల్ని రహస్యంగా పోగుచేసింది. అందులో స్టోక్స్ ఇంటి కవలలు, అన్నాచెల్లెళ్లు కూడా ఉన్నారు. నెలల తరబడి పథకాన్ని గుట్టుగా నడిపారు. 1951 ఏప్రిల్ 23 పొద్దున ప్రిన్సిపాల్‌కి ఫోనొచ్చింది. మీ పిల్లలిద్దరు బస్‌స్టేషన్ దగ్గర పోలీసుల చేతిలో పడేట్టున్నారు, వెంటనే రండి అని. పాపం, ఆయన పరిగెత్తాడు. ఆయన గేటు దాటగానే టీచర్లందరికీ చీటీలు వెళ్లాయి, పిల్లల్ని హాల్లోకి తీసుకురమ్మని. కింద ప్రిన్సిపాల్ పెట్టినట్టే 'జె' అని పొడి సంతకం. హాలు నిండింది. స్టేజి తెర తొలిగింది. ప్రిన్సిపాల్ ఉండాల్సిన చోట బార్బరా, ఆమె జట్టు. టీచర్లు దయచేసి బయటికి వెళ్లండి అంది. కొందరు అభ్యంతరం చెప్పబోతే కాలి బూటు తీసి బల్ల మీద గట్టిగా కొట్టింది. ఆ తర్వాత మాట్లాడింది. మొత్తం బడి సమ్మెకి దిగింది.

ఇందులో ఏ పిల్లాడికీ మంత్రశక్తి లేదు. ఒక ఫోను, కొన్ని చీటీలు, ఒక బూటు. మీ కథలో పిల్లలు వేసే ఎత్తు ఈ కొలతలో ఉండాలి. చదివిన పిల్లాడు, అరె, ఇది నేనూ చెయ్యగలను కదా అనుకోవాలి. (సభలోంచి: ప్రిన్సిపాల్ సంతకం పెట్టడం నేర్పిస్తామా సార్?) అది మీ స్కూల్లో మీరు చూసుకోండి అమ్మా, నా పేరు చెప్పొద్దు. (నవ్వులు)

సమ్మె రెండు వారాలు నడిచింది. లాయర్లు వచ్చారు, కొత్త భవనం అడిగితే కాదు, పిల్లల్ని రంగును బట్టి విడదీయడమే తప్పని కేసు వేద్దామన్నారు. 117 మంది విద్యార్థుల తరఫున వేసిన ఆ కేసు, 1954 లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన బ్రౌన్ తీర్పులో, అంటే ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని రంగును బట్టి విడదీయడం చెల్లదన్న తీర్పులో, భాగమైంది. బార్బరాకి బెదిరింపులు వస్తాయన్న భయంతో ఇంట్లోవాళ్లు ఆమెను అలబామాలో ఉన్న నాన్న సోదరుడు వెర్నన్ జాన్స్ ఇంటికి పంపేశారు.

ఇక్కడ ఆపేస్తే సినిమా. కానీ కౌంటీ పెద్దలు ఊరుకోలేదు. 1959 లో కోర్టు ఇక కలిపి చదివించాల్సిందే అనేసరికి, వాళ్లు బడుల బడ్జెట్టే ఆపేశారు. కౌంటీలోని ప్రభుత్వ బడులన్నిటికీ తాళం పడింది. తెల్ల పిల్లలకి ప్రైవేటు బడి వెలిసింది. నల్ల పిల్లలకి మొదటి నాలుగేళ్లు బడే లేదు. 1964 లో సుప్రీంకోర్టు తెరిపించేదాకా ప్రభుత్వ బడులు ఐదేళ్లు మూతే. 1959 లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లాడు పదేళ్లకి గానీ పలక పట్టుకోలేదు. మధ్యలో ఉన్న పిల్లలు కొందరు దూరపు చుట్టాల ఇళ్లకి వెళ్లి చదివారు, చాలామంది పొలాల్లోకి పోయారు. బడి మీద కుట్ర అంటే బాంబు అక్కర్లేదు, మీటింగులో ఒక పద్దు దగ్గర సున్నా రాస్తే చాలు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో బడి మీద కన్నెవరికి ఉంటుంది? చెప్పండి. (సభలోంచి: రియల్ ఎస్టేట్!) అందరూ ఒకేసారి అన్నారు చూశారా. ఎప్పుడో ఊరి పెద్ద ఒకాయన అరెకరం బడికిచ్చాడు. అప్పుడది ఊరి చివర తుమ్మచెట్ల బీడు. ఇప్పుడు పక్కన హైవే పడింది, ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఆయన మునిమనవడు అమెరికా నుంచో, అమీర్‌పేట నుంచో దిగి, మా తాత నోటిమాటగా వాడుకోమన్నాడే గానీ రాసివ్వలేదు అంటాడు. వీడు బడిని కూల్చడు. ముందు బడి దగ్గర బస్సు ఆగకుండా చూస్తాడు. పిల్లలు తగ్గుతారు. తగ్గారు కాబట్టి పక్కూరి బడిలో కలిపేద్దామని పెద్దమనుషులతో అనిపిస్తాడు. గోడలో బీట కనిపిస్తే భవనం శిథిలమని కాగితం పుట్టిస్తాడు. ప్రతి మెట్టూ న్యాయంగానే కనిపిస్తుంది. మంచి విలన్ అంటే వీడు.

ఇప్పుడు పిల్లలు కనిపెట్టాల్సింది ఒక్కటే, ఆ అరెకరం నిజంగా రాసిచ్చారా లేదా. గతంలోకి వెళ్లడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

ఈ కథకి నేనైతే మునగాల ప్రాంతం ఎంచుకుంటాను. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో ఉంది. ఒకప్పుడు మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లాలో భాగం. అయితే చుట్టూరా నిజాం రాజ్యమే. నీళ్ల మధ్య లంకలా ఉండేది. 1901 లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టడానికి అండగా నిలిచిన రాజా నాయని వెంకట రంగారావు ఈ మునగాల జమీందారే. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1959 లో ఈ పరగణాని నల్లగొండ జిల్లాలో కలిపారు. కథకుడికి ఇంత మంచి చోటు దొరకదు. ఒక పొలం గట్టు దాటితే రూపాయి మారిపోతుంది, భాష మారిపోతుంది, ఏడాది కూడా మారిపోతుంది.

ఏడాది మారడమేంటి అంటున్నారు. ఫసలీ లెక్క గుర్తుందా, భూమి శిస్తు కోసం పెట్టుకున్న ఏడాదుల లెక్క? రెవెన్యూ కాగితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఉజ్జాయింపుగా. ఫసలీ 1340 అంటే 1930-31. మీ కథలో ఇప్పటి పిల్లాడికి బడి బీరువాలో ఒక చిరిగిన కాగితం దొరుకుతుంది, మీద 1340 అని ఉంటుంది. వాడికి ఫసలీ తెలియదు. యంత్రంలో 1340 అని కొడతాడు. ఎక్కడ దిగుతారు? కాకతీయ రాజ్యం పోయి పదిహేడేళ్లయింది, ఓరుగల్లులో ముసునూరి కాపయ నాయకుడు ఉన్నాడు. బడీ లేదు, హైవే లేదు. ఆకలేసి ఎవరింట్లోనో కూర్చుంటే మిరపకాయ లేని కూర పెడతారు. మిరప ఇంకా మన దేశానికి రాలేదు, పోర్చుగీసువాళ్లు తేవాలి. టమాటా లేదు, ఆలుగడ్డ లేదు. మిరియాల కారంతో తిని వెనక్కి రావాలి. ఈ ఒక్క పొరపాటు మీద ఒక అధ్యాయం నడిపించవచ్చు, పిల్లలు కడుపుబ్బా నవ్వుతారు, ఫసలీ జన్మలో మర్చిపోరు.

వాడికి ఫసలీ ఎవరు చెప్పాలి? 1930 పిల్లాడు చెప్పాలి. జట్టు అందుకు. గట్టుకి అవతల నిజాం ఇలాకాలో చదివే కుర్రాడు వాడు. ఉర్దూ చదవగలడు. అక్కడి భూమి కాగితాలు ఉర్దూలోనే ఉండేవి, మనవాడు ఫోన్‌తో ఫొటో తీసుకోగలడు తప్ప ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్‌ని చూసి కర్రముక్క అనుకుంటాడు. ఆ కుర్రాడి జేబులో ఉన్నది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి. ఇవతలి కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు, ఆరు కావాలంటే వాడు ఏడు ఇచ్చుకోవాలి. మిఠాయి కొట్టు దగ్గర ఈ లెక్క మీద కొట్లాట పెట్టండి. 1960 ల నుంచి ఒక అమ్మాయి రావాలి. నయాపైసలు వచ్చి కొన్నేళ్లే అయింది, వాళ్ల అమ్మమ్మ ఇంకా అణాల్లోనే లెక్కపెడుతుంది. మునగాల కృష్ణా నుంచి నల్లగొండకి మారినప్పుడు ఊళ్లో ఏ కాగితాల మూటలు ఏ బండిలో ఎటు వెళ్లాయో ఆ అమ్మాయి కళ్లారా చూసింది. ఇంకొకరు 1904 నుంచి, వీధిబడిలో ఇసుకలో అక్షరాలు దిద్దుకునే పిల్ల. భూమి ఇచ్చిన పెద్దాయన చిన్నప్పుడు ఎలాంటివాడో ఆమెకి తెలుసు, మామిడికాయలు దొంగతనం చేసిన స్నేహం.

ఒక్కొక్కరికీ తన కాలం తెలుసు, పక్కవాడి కాలంలో వెర్రిబాగులవాడు. ఎవరూ తెలివితక్కువవాళ్లు కాదు. ఇది రాసేటప్పుడు ఇప్పటి పిల్లాణ్ణి నాయకుణ్ణి చెయ్యకండి. మనకి ఆ అలవాటుంది, ఫోన్ ఉన్నవాడే తెలివైనవాడు అనుకుంటాం. 1904 లో ఆ ఫోన్ సాయంత్రానికి చార్జింగ్ అయిపోయి పేపర్‌వెయిట్ అవుతుంది.

ఇక ఆధారం ఎలా పట్టుకుంటారు? విలన్ ఒక దొంగ దస్తావేజు చూపిస్తాడు. మా తాత ఆ భూమిని 1930 ఆగస్టులోనే మా వాళ్లకి అమ్మేశాడు, చూడండి, ఫసలీ 1339 అని. పెద్దవాళ్లందరూ 590 కలుపుకుని, 1929-30, సరిపోయిందనుకుంటారు. నిజాం కుర్రాడు కూడా సరే అంటాడు, వాడి లెక్కకి సరిగ్గానే ఉంది. వాళ్ల ఫసలీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఆగస్టుకి ఇంకా 1339 నడుస్తోంది. కానీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై ఒకటిన మొదలవుతుంది. మునగాలలో రాసిన కాగితమైతే ఆగస్టుకి 1340 ఉండాలి. ఇవతల రాశామంటున్న కాగితం మీద అవతలి ఏడాది ఉంది. దొంగ దొరికిపోయాడు. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని, మా ఊళ్లో ఇంకా పోయినేడే, మా ఊళ్లో కొత్త ఏడు వచ్చేసింది అని పోట్లాడుకుంటే తప్ప ఇది బయటపడదు.

(సభలోంచి ఒక ఉపాధ్యాయుడు: విలన్ కూడా కాలంలో వెనక్కి వెళ్లగలిగితే ఎలా సార్?)

బాగా అడిగారు. వెళ్లనివ్వండి. వాణ్ణి 1904 లో బెజవాడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టండి. పంచె కట్టాడు, తలపాగా చుట్టాడు, పొరపాటు ఎక్కడా లేదు. కానీ చేతిలో గడియారం ఇంట్లో పెట్టిన టైమ్‌తోనే ఉంది. ఇప్పుడు మనం వాడే టైమ్ 1906 జనవరి ఒకటి నుంచి వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు టైమ్ ప్రకారం నడిచేవి, అది ఇప్పటి దానికంటే దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. బండి పదింటికి అంటే వీడు తన గడియారం చూసుకుని, పది దాటి తొమ్మిది నిమిషాలైంది, బండి లేటని స్టేషన్ మాస్టర్ మీద అరుస్తాడు. అప్పుడే స్టేషన్ గంట పది కొడుతుంది. వీధిబడి పిల్ల అక్కడే ఉంటుంది. చుట్టూ ఎవరి గడియారమూ అంత ముందు లేదు, వీడిది ఏ కాలం అని ఆ పిల్లకే అనుమానం రావాలి.

(ఒక విద్యార్థిని: గతం మారదు అన్నారు కదా. మరి వాళ్లు వెళ్లి చేసేదేముంది?)

కూర్చో అమ్మా, చెబుతాను. యంత్రానికి ఒక షరతు పెట్టు, గతంలోంచి ఏ వస్తువూ వెనక్కి తేలేదు. కాగితం కళ్లముందున్నా తీసుకురాలేరు. కాబట్టి ఇప్పటిదాకా నిలిచి ఉండేచోట దాన్ని అక్కడే దాచాలి. ఎక్కడ దాస్తారు? గోడలో పెడితే గోడ కూలుతుంది. ట్రంకుపెట్టెలో పెడితే చెదలు. రావిచెట్టు తొర్రలో పెడితే రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్టు పోయిందని 1960 ల అమ్మాయి ముందే చెప్పేస్తుంది. అప్పుడు 1930 కుర్రాడికి వాళ్ల నాన్న మాట గుర్తొస్తుంది. స్థిరాస్తిని దానమిస్తే దస్తావేజు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ చెయ్యాలి. బ్రిటిష్ ఇలాకాలో అది చట్టం. రిజిస్టర్ అయిన దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకంలో నకలు రాసి ఉంచుతారు. అసలు కాగితం బూడిదైనా నకలు ఉంటుంది. పిల్లలు చెయ్యాల్సిందల్లా, నోటిమాట చాలదా అంటున్న ఆ పెద్దాయన్ని బండి కట్టించి ఆఫీసు దాకా నడిపించడం.

ఇందులో గతం మారిందా? మారలేదు. ఆయన అప్పుడు ఎప్పుడో రిజిస్టర్ చేసే ఉన్నాడు. మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు దొరకలేదు? అందరూ నల్లగొండలో వెతికారు కాబట్టి. 1930 లో ఆ ఊరు కృష్ణా జిల్లా. మీ కథలో ఆ పాత పుస్తకం అటువైపే ఉండిపోయిందని పెట్టుకోండి. మూటలు ఎటు వెళ్లాయో చూసిన అమ్మాయి ఉంది కదా, ఆమె చెబుతుంది.

ఇక మిగిలింది ఇప్పటి పిల్లాడి పని. ఆఫీసుకి వెళ్లి నకలుకి దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలి. వాడికి పన్నెండేళ్లు. కౌంటర్ దగ్గర వాడి మాట ఎవరు వింటారు? వెంట ఒక పెద్దమనిషి కావాలి. బడి పోయినా నాకేం అనుకునేవాళ్లు, విలన్‌తో తాంబూలం పుచ్చుకున్నవాళ్లు, రిటైరై ఇంట్లో కూర్చున్న మాస్టారు, మధ్యాహ్న భోజనం వండే అమ్మ, ఊళ్లో అందరూ ఉన్నారు. వాడు ఎవరి తలుపు కొడతాడో నాకు రేపు పొద్దున మీ కథల్లో చదవాలనుంది.